అన్న నుదుట తూటా

"శవం ఆడ ఎండకున్నది మేడం! నా పెట్టె నాకియ్యుర్రి!"

మొండయ్య అప్పటికే ప్లగ్గు పీకేశాడు. అద్దం మూతున్న ఫ్రీజర్ పెట్టె ఒక్కసారి వణికి, గురక ఆగిన ముసలాయనలా నిశ్శబ్దమైపోయింది. ఒక కొస పట్టుకొని మొండయ్య లాగుతున్నాడు. రెండో కొస పట్టుకొని కానిస్టేబుల్ సాయిచంద్ లాగుతున్నాడు. మధ్యలో, అద్దం కింద తెల్లబట్ట మీద పడుకొని ఉన్నది సాయిచంద్ నౌకరీ.

చూడ్డానికి అవి నాలుగు జెలటిన్ దిమ్మలు. ఒక్కొక్కటీ దగ్గర దగ్గర మూరెడు పొడవు, తేనె రంగు, వేలు పెడితే కొత్త కోడలిలా వణుకు. పిస్టల్ తూటా మాంసంలో ఎంత లోతుకు పోతుందో, పోయాక విచ్చుకుంటుందో లేదో చూడాలంటే వీటి మీద కాలుస్తారు. చల్లగా ఉన్నంతసేపే ఇవి మాంసంతో సమానం. వేడెక్కితే పాయసంతో సమానం. కరీంనగర్ పొలిమేరలో, గుట్ట చాటున ఉన్న ఆ పోలీసు ఫైరింగ్ రేంజ్‌లో మే నెల ఎండ పెనం మీది నూనెలా చిటపటలాడుతోంది.

రేంజ్‌లో ఉన్న ఒక్క ఫ్రిజ్ క్యాంటీన్‌ది. దాన్లో పెరుగు గిన్నెలకే చోటు చాలదు. అందుకే రేంజ్ చూసుకునే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ మమతారాణి శవాల పెట్టె అద్దెకు తెప్పించింది. దుబాయి నుంచో మస్కట్ నుంచో కొడుకు దిగేదాకా తండ్రిని చెడకుండా ఉంచే పెట్టెలకు ఈ జిల్లాలో కరువు లేదు.

"ఎవరు పోయిండ్రు మొండయ్యా?" అంది మమతారాణి.

"చొప్పదండిల నాకు మామ వరుసైతడు మేడం. కొడుకు మస్కట్‌ల విమానం ఎక్కిండట. గాడు దిగేసరికి ముసలాయన ఖరాబైతే నా మొఖాన ఉమ్మేస్తరు."

"జర ఆగు. సార్లు వచ్చుడే ఆలస్యం."

"నేనాగుత. శవం గూడ ఆగుతది. ఎండ ఆగుతదా?" మొండయ్య ఎడమ చెంపను అరచేత్తో అదిమిపట్టి, కుడివైపు నోటితోనే మాట్లాడుతున్నాడు. "అయినా దీంట్ల జిలెటిన్ పెట్టిండ్రని మీ క్యాంటీన్ పిల్లగాడు చెప్పిండు. క్వారీల బండలు పేల్చేదేనాయె? నా పెట్టె పేలితే నా పెండ్లం పిల్లలేం గావాలె?"

"గది వేరే మొండయ్యా. ఇది ఎముకలు ఉడకబెట్టి తీసిన జిగురు."

మొండయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎవరి ఎముకలు మేడం?"

ఆ సందులో సాయిచంద్ పెట్టెను తన వైపు లాక్కొని, పరుగెత్తుకెళ్లి ప్లగ్గు మళ్లీ పెట్టాడు. పెట్టె గురక అందుకుంది. ఈ రోజు ఈ దిమ్మల మీద కాల్చే తూటా అతని కొలువు ఉండాలో ఊడాలో తేల్చబోతోంది.

ఇదంతా ఒక పుట్టినరోజుతో మొదలైంది.

చొప్పదండి దాటాక వచ్చే ఎల్లమ్మకుంటలో భానుప్రసాద్ అనే నాయకుడున్నాడు. పదవి ఏదీ లేదు గానీ చుట్టుపక్కల అందరికీ 'భానన్న'. పోయిన వారం ఆయన పుట్టినరోజు. చౌరస్తాలో వేదిక కట్టి, వెనక మిద్దె ఎత్తు ఫ్లెక్సీ నిలబెట్టారు. ఫ్లెక్సీలో భానన్న దండం పెడుతుంటాడు. వెనక ఉదయిస్తున్న సూర్యుడు, పక్కన పులి. బందోబస్తుకు సాయిచంద్‌ను వేశారు. సరిగ్గా కేకు కోసే సమయానికి, డీజే మోతకు బెదిరిన ఒక అడవిపంది మామిడితోటలోంచి జనంలోకి దూకింది. జనం చీలిపోయారు. పంది వేదిక ముందు నుంచి సరాసరి సాయిచంద్ మీదికి ఉరికింది. అతను పిస్టల్ తీసి ఒక్కసారి కాల్చాడు. పంది అతని బూట్ల ముందు కూలింది.

జనం చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. ఎవరో అతని నోట్లో కేకు ముక్క కూడా పెట్టారు. ఆ తర్వాత ఇంకెవరో తలెత్తి ఫ్లెక్సీ వైపు చూశారు.

భానన్న నుదుటి మధ్యలో, బొట్టు పెట్టే చోట, అంచులు నల్లబడ్డ గుండ్రటి రంధ్రం.

సాయిచంద్ కేకు ముక్కను అరచేతిలోకి ఉమ్మేశాడు.

అక్కడి నుంచి పరిస్థితి చేయి దాటింది. అభిమానులు ఫ్లెక్సీకి పాలాభిషేకం చేశారు. నుదుటికి కట్టు కట్టారు. తన బొమ్మకు దెబ్బ తగిలాక తాను మామూలుగా తిరిగితే ఏం బాగుంటుందని భానన్న కూడా తన నుదుటికి కట్టు కట్టించుకున్నాడు. ప్రత్యర్థుల దగ్గర సుపారీ తీసుకొని పోలీసు తన మీద హత్యాయత్నం చేశాడని ఫిర్యాదు ఇచ్చాడు. పందిని కొట్టిన తూటా ఎముకకు తగిలి, పైకి లేచి, ఫ్లెక్సీలోంచి పోయి ఉంటుందని ఊళ్లో పెద్దమనుషులు తేల్చారు. భయంలో ఉన్న సాయిచంద్‌కు అదే నిజమనిపించింది. సంజాయిషీలో అదే రాసిచ్చాడు. తూటా పందిలోంచి బయటికి వచ్చిందని రుజువైతే అది ప్రమాదం. మందలింపుతో పోతుంది. రుజువు కాకపోతే కొలువు పోతుంది.

పందిని కోసి చూస్తే తేలిపోయేది. కానీ పంచనామాకు పోలీసులు పోయేసరికి చౌరస్తాలో నెత్తుటి మరక తప్ప ఏమీ లేదు. ఊరంతా మసాలా వాసన. ఇంటింటికీ తిరిగి అడిగితే ఇంటింటా ఒకే జవాబు. ఆ పూట వాళ్లు పప్పే తిన్నారట. అడవిపందిని తిన్నామంటే ఫారెస్టోళ్లు కేసు పెడతారని అందరికీ తెలుసు. సాక్ష్యాన్ని ఊరు ఊరంతా కలిసి అరిగించుకుంది.

అందుకే పందికి బదులు ఈ దిమ్మలు.

సిరిసిల్లలో మరమగ్గాల సాంచాల చప్పుడు మధ్య చదువుకొని, మూడోసారికి కానిస్టేబుల్ పరీక్ష గట్టెక్కినవాడు సాయిచంద్. పొద్దున వాళ్లమ్మ శంకరవ్వ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "మనిషిని గొట్టినవంటే ఏదో కోపమున్నదనుకుంటరు. బట్టమీది బొమ్మను ఎందుకు గొట్టినవ్ బిడ్డా?" అని.

"వచ్చిండ్రు," అంది మమతారాణి.

దుమ్ము లేపుకుంటూ ముందు డీఎస్పీ పర్శరాములు జీపు, వెనక భానన్న కారు, ఆ వెనక ఒక డీసీఎం వ్యాను వచ్చి ఆగాయి. వ్యానులో నిలబెట్టిన ఫ్లెక్సీ, దాని చుట్టూ పాతిక మంది అభిమానులు. ఫ్లెక్సీ నుదుటికి కట్టు. కారు దిగిన భానన్న నుదుటికీ కట్టు. రెండింట్లో ఏది అసలుదో క్షణంపాటు సాయిచంద్‌కే తికమకైంది. కారులో వెనక సీట్లో ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది.

"మా అవ్వ, కిష్టవ్వ," అన్నాడు భానన్న డీఎస్పీతో. "నా మీద తూటా పడ్డ కాంచి ముద్ద ముట్టుతలేదు సార్. దోషికి శిక్ష పడుడు కండ్లార చూస్తదని తోల్కచ్చిన."

డీఎస్పీ పర్శరాములు రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. ఈ కేసు వచ్చినప్పటి నుంచి ఆయన రోజుకు రెండుసార్లు బీపీ గోలీ వేసుకుంటున్నాడు. "మమతమ్మా, జల్ది కానియ్యి," అన్నాడు.

రెండు దిమ్మలను బల్ల మీద కొసకు కొస ఆనించి పెట్టారు. ముందు గాలి తుపాకీతో ఒక చిన్న గుండు కొట్టి, దిమ్మ సరైన గట్టిదనంతో ఉన్నదో లేదో మమతారాణి చూసుకుంది. తర్వాత డీఎస్పీ వైపు తిరిగింది. "సార్, పంది ఎదురుగ ఉరికొచ్చింది. ఫోన్ వీడియోల సాఫ్ కనవడుతుంది. అంటే తూటా మూతి దిక్కు నుంచి తోక దిక్కు పోవాలె. ఈ రెండు దిమ్మలకంటే పంది పొడుగే ఉంటది. మామూలు తూటా ఒకటి, కొత్తగ వచ్చిన విచ్చుకునే తూటా ఒకటి, రెండూ గొట్టి చూపిస్త. తర్వాత ఏది గొట్టిండ్రని ఎవరూ మాటనొద్దు."

చెవులకు మూతలు పెట్టుకున్నారు. సాయిచంద్ మాత్రం కళ్లు మూసుకున్నాడు. 'బయటికి రా తల్లీ, బయటికి రా' అని తూటాకు మొక్కుకున్నాడు.

ఢాం!

కళ్లు తెరిచాడు. మొదటి దిమ్మలో ఈ కొస నుంచి ఆ కొసకు సన్నటి దారి. రెండో దిమ్మలో సగం దాటాక ఆ దారి ఆగిపోయింది. దారి చివర రాగి రంగు తూటా, తేనెలో చిక్కిన ఈగలా బుద్ధిగా కూర్చొని ఉంది.

బయటికి రాలేదు.

మూడో దిమ్మ పెట్టి కొత్త తూటా కాల్చారు. అది ఇంకా అధ్వానం. మొదటి దిమ్మంత దూరం కూడా పోలేదు. నోరు తెరిచి, రేకలు విచ్చుకొని, బంతిపువ్వులా మధ్యలోనే ఆగింది. మమతారాణి ఆ పువ్వు వైపు మురిపెంగా చూసింది. సాయిచంద్ సంజాయిషీని అతని తూటాలే అబద్ధమన్నాయి.

భానన్న ఎగిరి గంతేసినంత పని చేశాడు. "చూసిండ్రా సార్! పందిల పడ్డ తూటా బయటికి రాదు! అంటే ఈడు పందిని గొట్టనేలే. నన్నే గొట్టిండు!"

"భానన్న నాయకత్వం..." అని వ్యాను మీంచి ఒకడు అరిచాడు.

"వర్ధిల్లాలె!" అన్నారు మిగతావాళ్లు.

"ఆగుర్రి," అన్నాడు డీఎస్పీ. "నిన్నే గొడితే మరి పంది ఎట్ల సచ్చింది?"

"నా ఫ్లెక్సీ జూసి, భయానికి సార్."

వ్యాను మీద కొందరు నిజమే అన్నట్టు తలలూపారు.

మమతారాణి తుపాకీ పక్కన పెట్టి ముందుకు వచ్చింది. "సార్, ఒక్క మాట. ఆ దినం సాయిచంద్ పిస్టల్‌ల ఒక్క తూటానే తక్కువైంది. వీడియోల గూడ ఒక్కటే చప్పుడు. ఆ ఒక్క తూటా పందిలనన్న ఉండాలె, ఫ్లెక్సీలకెళ్లన్న పోవాలె. రెండు జాగల ఉండది. పందిల దొరికిందనుకో, ఫ్లెక్సీకి ఈనికి సంబంధం లేదు."

సాయిచంద్‌కు ఆ మాట బుర్రకెక్కడానికి కొంతసేపు పట్టింది. ఎక్కాక నోరు తెరుచుకుంది. ఇన్ని రోజులూ తూటా బయటికి రావాలని మొక్కాడు. మొక్కాల్సింది లోపలే ఉండాలని!

"మరి పందేది?" అన్నాడు డీఎస్పీ.

వ్యాను మీదున్న ఎల్లమ్మకుంట జనం అంతా ఒక్కసారిగా ఆకాశం వైపు చూశారు.

"మేము ఆ పూట పప్పే తిన్నం సార్," అన్నాడొకడు, ఎవరూ అడగకుండానే.

"ఫారెస్టోళ్లకు నేను జవాబు చెప్పుకుంట. ఒక్క మనిషి మీద గూడ కేసు గాదు. తూటా ఎవనికి దొరికిందో చెప్పుర్రి," అన్నాడు డీఎస్పీ. అయినా ఎవరూ కిందికి చూడలేదు.

అప్పుడు పెట్టె పక్క నుంచి ఒక మూలుగు వినిపించింది. మొండయ్య. చెంప పట్టుకొని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. "సార్, నేనొక మాట చెప్తే నా పెట్టె నాకిచ్చి పంపుతరా?"

"నీది ఏ ఊరు?"

"ఎల్లమ్మకుంటనే."

"పందిని తిన్నవా?"

"తినలే సార్!" మొండయ్య రెండు చెవులూ పట్టుకున్నాడు. "నమిలిన. గంతే."

చొక్కా జేబులోంచి చిన్న గుడ్డ మూట తీసి బల్ల మీద విప్పాడు. అందులో ఒక తూటా ఉంది. దాని పక్కనే ఒక దవడ పన్ను.

"పన్ను నాదే సార్. కావాల్నంటే పెట్టి చూసుకోర్రి," అని నోరు తెరవబోయాడు. డీఎస్పీ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

మమతారాణి రెండో దిమ్మ కోసి, అందులోని తూటాను తీసి, మొండయ్య తూటా పక్కన పెట్టి భూతద్దంతో చూసింది. "రెండూ మామూలు తూటాలే సార్. ఇప్పుడు నేను గొట్టింది గూడ సాయిచంద్ పిస్టల్‌తోనే. గొట్టం లోపలి గీతలు రెండింటి మీద ఒక్క తీరుగ పడ్డయి. పక్కా కాయితం ల్యాబ్ వాళ్లిస్తరు. నా కంటికైతే ఇదే పందిల తూటా."

డీఎస్పీ మొహంలో వారం రోజుల తర్వాత రక్తం కనిపించింది. "మొండయ్యా, నీ పెట్టె తీస్కపో."

"బతికిచ్చిండ్రు సార్," అంటూ మొండయ్య ప్లగ్గు పీకి, పెట్టెను ట్రాలీ ఆటోలోకి ఎక్కించుకొని, వెనక్కి చూడకుండా పోయాడు. పన్ను బల్ల మీదే మరిచిపోయాడు.

ఇక గండం గడిచిందని సాయిచంద్ ఊపిరి పీల్చుకునేలోపే భానన్న గొంతు చించుకున్నాడు. "అయితే నా నుదుట్లున్న రంధ్రమేంది? పోలీసు తూటా గాకుంటే ఇంకోడు గొట్టినట్టే గదా? మామిడితోటల ఇంకోడు దాక్కున్నడు సార్! ఇప్పుడు గూడ ఇక్కడ్నే ఉండొచ్చు!"

ఆ మాటతో వ్యాను మీది పాతిక మందీ దబ్బుమని బోర్లా పడుకున్నారు. నిలబడి ఉన్నది ఫ్లెక్సీ ఒక్కటే.

"రంధ్రమెవరిదో తేలేదాక నా ఫిర్యాదు వాపస్ తీసుకోను," అన్నాడు భానన్న. "గంతవరకు ఈ పిల్లగాడే ముద్దాయి. ఇద్దరు కలిసి గొట్టిండ్రేమో ఎవలకెరుక?"

సాయిచంద్ బల్ల వైపు చూశాడు. పెట్టె పోయింది. దాన్లోంచి దించిన నాలుగో దిమ్మ ఎండకు చెమటలు కక్కుతోంది. అంచులు మెత్తబడి జారుతున్నాయి.

"మేడం," అన్నాడు. "నిజం తూటా ఫ్లెక్సీకి తాకితే రంధ్రం ఎట్లుంటదో చూస్తే సరిపోతది గదా? ఈ ఫ్లెక్సీనే దిమ్మ ముంగట కట్టి గొడుదాం. దిమ్మ కరిగేలోపట."

మమతారాణి అతని వైపు మెచ్చుకోలుగా చూసింది. "దించుర్రి ఫ్లెక్సీ."

దించాక అసలు చిక్కొచ్చింది. ఎక్కడ కాల్చాలి? భానన్న బొమ్మ మీద కుదరదు. పులి మీదంటే, "అది నా గుర్తు సార్," అన్నాడు భానన్న. సూర్యుడి మీద కాలిస్తే ఊరికి అరిష్టం. కింది భాగమంతా శుభాకాంక్షలు చెప్పినవాళ్ల తలకాయలు, గళ్ల గళ్లుగా, ఈగ వాలే సందు లేకుండా.

"గా మూలకున్న తలకాయ మీద గొట్టుర్రి, అది మా బామ్మర్దిది. ఏమనడు," అన్నాడు వ్యాను మీది నుంచి దిగినవాడు.

"ఏమననా? నేనీడనే ఉన్న బావా!" అని వెనక నుంచి బామ్మర్ది అరిచాడు.

"నాది చిన్న ఫొటో. నా మీద గొడితే ఇంకేం మిగులది సార్."

"నేను పైసలిచ్చి ఏపిచ్చుకున్న!"

వాదన ముదిరింది. ఒకడు ఇంకొకడి కాలర్ పట్టుకున్నాడు. బల్ల మీద దిమ్మ లోంచి మొదటి చుక్క జారి నేల మీద పడింది. సాయిచంద్ మోకాళ్ల మీద కూర్చొని ఫ్లెక్సీ అంచులన్నీ వెతికాడు. అట్టడుగున, ముడత కింద, ఫ్లెక్సీ అచ్చువేసిన షాపువాడి ఫోన్ నంబర్ కనిపించింది.

"షాపాయన ఈడ లేడు గదా సార్?"

"లేడు," అన్నారు అందరూ ఆనందంగా.

ఆ మూలను దిమ్మ ముందు కట్టారు. మమతారాణి కాల్చింది. ఫోన్ నంబర్లో ఒక సున్న ఎగిరిపోయింది.

అందరూ మూగారు. తూటా చేసిన రంధ్రం చిటికెన వేలు కూడా పట్టనంత చిన్నది. ప్లాస్టిక్ సాగి మళ్లీ దగ్గరికి ముడుచుకుంది. చుట్టూ సన్నటి బూడిద రంగు గీత. మమతారాణి ఫ్లెక్సీ నుదుటి కట్టు విప్పింది. అభిమానులు చేతులు జోడించారు. ఆ రంధ్రంలో బొటనవేలు సులువుగా దూరింది. అంచులు కాలిన అప్పడంలా ముడుచుకొని, గట్టిపడి, మసి పట్టి ఉన్నాయి.

"ఇది కొట్టింది గాదు," అంది మమతారాణి. "కాల్చింది. మంటతోని."

ఫ్లెక్సీని పట్టుకొని నిలబడ్డ సాయిచంద్ ముక్కు ఆ రంధ్రానికి ఆనుకొని ఉంది. అతను ఒకసారి వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. "సార్, ఆముదం వాసనొస్తుంది."

డీఎస్పీ కూడా వంగి ముక్కు పెట్టాడు. "ఆముదమే. దీపంల పోసే ఆముదం."

"తూటాకు ఆముదం ఎందుకు పూస్తరు?" అన్నాడు భానన్న.

"తూటా గాదంటున్నం గదా భానన్నా! ఎవరో ఒత్తి ముట్టించి నీ నుదుట పెట్టిండ్రు."

భానన్న కళ్లు ఎర్రబడ్డాయి. "చేతబడి! నాకు తెలుసు. గిది తూటా కంటే పెద్ద నేరం. సార్, గాడెవడో పట్టుకోవాలె. పేరు బయటపడాలె. ఎవడైనా సరే, ఎంతటోడైనా సరే, మా అవ్వ మీద ఒట్టు, జైలుకు తోలేదాక నిదురపోను!"

కారు తలుపు తెరుచుకుంది.

కిష్టవ్వ ఒక్కో కాలూ జాగ్రత్తగా కింద పెట్టి, చేతికర్ర ఊతంగా నడుచుకుంటూ వచ్చింది. ఎవరివైపూ చూడలేదు. తిన్నగా ఫ్లెక్సీ దగ్గరికి పోయి, రంధ్రం అంచును వేలితో తడిమి, మసిని చూసుకుంది.

"నా మీద ఒట్లు పెట్టకురా భానుగా," అంది. "నాకు దగ్గొస్తది."

"అవ్వా, నువ్వెందుకు దిగినవ్? ఎండ కొడుతుంది."

"గిది కట్టకముందు మన వాకిట్ల పరిచిండ్రు గదా. సూస్తే గంత పెద్ద మొఖం, గంత నిగనిగ. ఊరి కండ్లన్ని దాని మీదనే పడుతయి. సిన్నప్పుడు నీకు దిష్టిసుక్క పెట్టేదాన్ని యాదికున్నదా? దీపం మసి తీసి నుదుట పెడుదామనుకున్న. కండ్లు అవుపడక ఒత్తితోనే పెట్టిన. సుయ్యిమని పొక్క పడ్డది." ఆమె చేతికర్ర మీద గడ్డం ఆనించింది. "నీకు చెప్తే కసురుతవని సప్పుడు జెయ్యలే. మల్ల తూటా గందులకెళ్లే పోయిందని అందరంటే, నేను పెట్టిన తొవ్వల పోబట్టే నా కొడుకు బతికిండనుకున్న."

దిమ్మ పూర్తిగా కూలి, బల్ల అంచు మీంచి చిక్కగా కారుతోంది.

భానన్న నుదుటి కట్టు మెల్లగా విప్పి జేబులో పెట్టుకున్నాడు. "సార్, ఇగ ఇడిసిపెట్టుర్రి. గాలికి చినిగిందని రాసుకోర్రి."

"గాలికి సమన్లు ఎట్ల పంపాలె నేను?" డీఎస్పీ తన ఫోన్ తీసి వీడియో నొక్కాడు. "మీ ఫిర్యాదు పైదాక పోయింది. నేరం చేసింది సాయిచంద్ గాదు, ఫలానా మనిషి అని ఫిర్యాదు ఇచ్చినాయనే నోటితోని చెప్పాలె. అప్పుడే ఈ పిల్లగాని ఫైలు మూతపడుతది. లేకుంటే సాయంత్రం నౌకరి ఊడినట్టే."

"అవ్వ చెప్పింది గదా!"

"ఫిర్యాదు అవ్వది గాదు."

భానన్న వెనక్కి చూశాడు. పాతిక మంది అభిమానులు. ప్రతి ఒక్కరి చేతిలో ఫోన్. ప్రతి ఫోన్ ఆయన వైపే. "కార్ల గూసొని చెప్త సార్, మెల్లగ."

కిష్టవ్వ సాయిచంద్ దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకొని మొహం పైకెత్తి చూసింది. "గీ పిల్లగాడేనా? పాలుగారే మొఖం. నీకు గూడ దిష్టి దీయాలె బిడ్డా."

"ఒద్దవ్వా," అన్నాడు సాయిచంద్ కంగారుగా. తర్వాత భానన్న ముందుకు పోయి నిలబడ్డాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "అన్నా, మా అవ్వ పొద్దటి సంది ఏడుస్తుంది. బొమ్మను ఎందుకు గొట్టినవ్ బిడ్డా అని. ఆమెకు నేనేం చెప్పాలె? ఎవరు చేసిండ్రో నీ నోటితోని ఒక్క మాట చెప్పు. ఆమెకు వినిపిస్త."

భానన్న నేల చూశాడు. పెదాలు కదిలాయి.

"రికార్డ్ కాలే," అన్నాడు డీఎస్పీ.

పెదాలు ఇంకోసారి కదిలాయి. ఈసారి దోమ రెక్కంత చప్పుడు వచ్చింది.

"గాలి చప్పుడే వస్తుంది. గట్టిగ చెప్పాలె."

"నువ్వేందిరా," అంది కిష్టవ్వ చేతికర్ర నేలకేసి కొట్టి. "మైకుల ముంగట గంటలు గంటలు మాట్లాడుతవ్. కన్నతల్లి పేరు చెప్పనీకి సిగ్గయితుందా? నేను చేసింది నేను చేసిన్నంటున్న. చెప్పు! ఇంటిపేరుతోని చెప్పు!"

భానన్న కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. మీటింగుల్లో అలవాటైన గొంతు ఎక్కడో కడుపులోంచి తన్నుకొచ్చి, గుట్టకు తగిలి, రేంజ్ మొత్తం మార్మోగింది.

"నా నుదుట్ల పొక్క పెట్టింది మా అవ్వ! వంగల కిష్టవ్వ!"